పిల్లలతో నెల్లూరు చుట్టూ మూడు రోజులు: పక్షులు, రాకెట్టు, సముద్రం

మా చెల్లెలు ఏటా సంక్రాంతి సెలవుల్లో ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ నుంచి నెల్లూరు వస్తుంది. మొదటి ఏడు నేను పెద్దరికం మీద వేసుకుని ఒక పెద్ద చిట్టా రాశాను. పొద్దున రంగనాథస్వామి గుడి, అక్కడి నుంచి జొన్నవాడ, నరసింహకొండ, మధ్యాహ్నం మైపాడు, సాయంత్రం చెరువు కట్ట. అన్నీ ఒక్క రోజులోనే. నరసింహకొండ దిగేసరికి చిన్నవాడు వాంతి చేసుకున్నాడు, పెద్దదేమో మైపాడు దాకా కారులో నిద్రపోయి, సముద్రం దగ్గర లేపితే ఏడుపు. మొత్తం ఆరుగురం వెళ్లాం, ఒక్కరూ సంతోషంగా ఇంటికి రాలేదు.

తరువాత నాలుగైదేళ్లు తప్పులు చేసుకుంటూ దిద్దుకుంటూ వచ్చాక నాకు మిగిలింది ఒకటే లెక్క: రోజుకు ఒక్క పెద్ద చోటు, అది కూడా మధ్యాహ్నం లోపల. మిగతాదంతా దారిలో దొరికితే సరే, లేకపోయినా సరే. ఈ లెక్క మీదే కింద మూడు రోజుల ప్రయాణం రాస్తున్నాను. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఇది సరిపోతుంది.

ముందు నెల ఖాయం చేసుకోండి

ఊరి కన్నా ముందు నెల ఎంచుకోవాలి. మన వైపు పెద్ద వానలు జూన్, జులైలో రావు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. నవంబరులో తుఫాన్ల టెన్షన్ కూడా ఉంటుంది. ఆ వానలకు చెరువులు నిండాకే పక్షులు దిగుతాయి. కాబట్టి పిల్లలకు పక్షులు చూపించాలంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సంక్రాంతి సెలవులు సరిగ్గా అందులోనే పడతాయి.

వేసవి సెలవుల్లో మాత్రం వద్దు. రోహిణీ కార్తె ఎండలో మా ఊరివాళ్లమే పదింటికల్లా తలుపులు వేసుకుంటాం. పులికాట్ సరస్సులో చాలా మేర నీళ్లు ఇంకిపోయి నెర్రెలిచ్చిన బురద మిగులుతుంది. పిల్లలకు చూపించడానికి అక్కడ ఏమీ ఉండదు.

మకాం నెల్లూరులోనే పెట్టండి

మూడు రోజులకు మూడు ఊళ్లలో గదులు తీసుకునే వాళ్లున్నారు. పిల్లలున్నప్పుడు రోజూ సామాను సర్దడం కన్నా పెద్ద శిక్ష లేదు. నెల్లూరులో ఒకే చోట దిగి, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికో సాయంత్రానికో తిరిగి రావడం మేలు. హైదరాబాద్ వాళ్లు సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే పొద్దునకు నెల్లూరులో ఉంటారు. చెన్నై నుంచి రోడ్డు మీద 175 కిలోమీటర్లు.

అక్కడ తిరగడానికి కారు మాట్లాడుకోండి. రైల్లో సూళ్లూరుపేట దాకా వెళ్లవచ్చు, కానీ అక్కడి నుంచి పక్షులుండే నేలపట్టుకు, పులికాట్‌కు మళ్లీ ఆటో వెతుక్కోవాలి. కారు మాట్లాడేటప్పుడు ఎన్ని కిలోమీటర్లకు ఎంత, పొద్దున ఎన్నింటికి వస్తారు, దారిలో ఆపితే అదనమా కాదా అనేవి ముందే తేల్చుకోవాలి. ఒకసారి మాకు ఆరింటికి రావలసిన బండి ఎనిమిదిన్నరకు వచ్చింది. మేం వెళ్లేసరికి చెట్ల మీద పిల్ల పక్షులు తప్ప పెద్దవి లేవు, మేతకు వెళ్లిపోయాయి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

టోపీలు, నీళ్లు, ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు, పాత తువ్వాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఇవి అందరూ చెప్పేవే. నేను కలిపేది రెండు. ఒకటి, బైనాక్యులర్. ఖరీదైనది అక్కర్లేదు, అరువు తెచ్చుకున్నా చాలు. అది లేకపోతే పులికాట్‌లో కొంగలు తెల్లచుక్కల్లా కనిపిస్తాయి. "ఇంతేనా మామా?" అని అడిగించుకున్నవాణ్ని నేను. రెండు, పిల్లకొక నోటుపుస్తకం, పెన్సిలు. చూసిన పక్షి బొమ్మ గీయమంటే ఐదు నిమిషాలు కదలకుండా చూస్తారు. ఫోన్ ఇస్తే ఐదు సెకన్లు కూడా చూడరు.

మొదటి రోజు: నేలపట్టు, ఆ తరువాత పులికాట్

నాకు అన్నిటి కన్నా ఇష్టమైన రోజు ఇది, అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను.

పొద్దున ఆరింటికి బయలుదేరండి. గూడూరు, నాయుడుపేట దాటాక దొరవారిసత్రం మండలంలో ఉంటుంది నేలపట్టు. జాతీయ రహదారి నుంచి కాస్త లోపలికి వెళ్లాలి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ ప్రాంతమంతా తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా మా నోట నేలపట్టు, పులికాట్ ఇప్పటికీ నెల్లూరువే.

టిఫిన్ ముందు కాదు, తరువాత. పొట్లం కట్టించుకున్న ఇడ్లీ ఒకటి కారులో పెట్టి పిల్లలను కూర్చోబెట్టేయండి. పొద్దున్నే పక్షులు గూళ్ల దగ్గరే ఉంటాయి, పిల్లలకు మేత పెడుతుంటాయి, గోల గోలగా ఉంటుంది.

నేలపట్టులో చూడవలసింది గూడబాతులు, అంటే పెలికాన్లు. దక్షిణాసియాలో ఇవి గుడ్లు పెట్టే పెద్ద తావుల్లో ఇదొకటి. చెరువు నీళ్లలోనే నిలబడి ఉండే నీటి కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. ఒక్కో చెట్టు మీద బోలెడు గూళ్లు, కొమ్మలన్నీ రెట్టతో తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటాయి. పిల్లలు మొదట "కంపు" అని ముక్కు మూసుకుంటారు. అప్పుడు ఈ సంగతి చెప్పండి: ఆ రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే పంట బాగా పండుతుందని చుట్టుపక్కల రైతుల నమ్మకం. అందుకే తరతరాలుగా ఇక్కడ ఎవరూ ఈ పక్షుల జోలికి పోరు. కంపు కొట్టేది ఎరువు అని తెలియగానే మా చిన్నవాడు ముక్కు మీది చెయ్యి తీసేశాడు.

పెద్దవాటి ముక్కు కింద సంచి ఉంటుంది, పొలానికి నీళ్లు తోడే గూడలాగా. పిల్ల పక్షి తన తల మొత్తం ఆ సంచిలోకి దూర్చి మేత తింటుంది. ఇది కనిపించే దాకా వాచ్ టవర్ మీద ఓపికగా నిలబడండి. బైనాక్యులర్ వంతులు వేసి ఒక్కొక్కరికి వంద లెక్కపెట్టే దాకా ఇవ్వండి, లేకపోతే కొట్టుకుంటారు. నత్తగుల్ల కొంగలు కూడా కనిపిస్తాయి. వాటి ముక్కు రెండు భాగాలూ మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తలను పట్టుకుని లోపలి కండ తీయడానికి వీలుగా ఉంటుందది. ఈ ఒక్క ప్రశ్న పిల్లలకు వదిలేయండి: "దాని నోరు ఎందుకు మూసుకోదు?" సమాధానం వాళ్లే రకరకాలుగా చెబుతారు, మా వాడైతే "పన్ను ఊడిపోయింది" అన్నాడు.

ఎర్ర చొక్కాలు, పసుపు పచ్చ గౌన్లు వద్దు, ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు వేయండి. కేకలు పెడితే పక్షులు ఒక్కసారిగా లేస్తాయి. అప్పుడు గూళ్లలో గుడ్లు, పిల్లలు కాకుల పాలవుతాయి. ఇది చెబితే పిల్లలు పెద్దవాళ్ల కన్నా బాగా వింటారు. గోల చేసేది ఎప్పుడూ సెల్ఫీ తీసుకునే పెద్దవాళ్లే.

తొమ్మిది, తొమ్మిదిన్నరకు సూళ్లూరుపేటలో టిఫిన్ చేసి, కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి ఐదు నిమిషాలు వెళ్లండి. ఆ గుడికి రాత్రిళ్లు తలుపులు వేయరు. రాకెట్ ప్రయోగాల ముందు ఇస్రో పెద్దలు వచ్చి పూజ చేయించుకునే గుడి కూడా అదే. రెండూ పిల్లలకు నచ్చే సంగతులే.

అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. అటూ ఇటూ నీళ్లు, మధ్యలో రోడ్డు. చిలికా తరువాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. పాతవాళ్లు ప్రళయకావేరి అంటారు. లోతు తక్కువ, అందుకే ఫ్లెమింగోలు వస్తాయి. పొడుగు కాళ్ల మీద నిలబడి, తల తలకిందులుగా పెట్టి, ముక్కుతో నీళ్లు వడకట్టి తింటాయి. వాటి గులాబీ రంగు పుట్టుకతో రాదు, తినే నాచు, చిన్న చిన్న రొయ్యల వల్ల వస్తుంది. పిల్ల ఫ్లెమింగోలు బూడిద రంగులో ఉంటాయి. "అయితే నేను రోజూ క్యారెట్ తింటే?" అని మీ ఇంట్లోనూ అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

వానలు మరీ ఎక్కువ పడిన ఏడాది నీళ్లు లోతుగా ఉండి ఫ్లెమింగోలు దూరంగా చెదిరిపోతాయి. అప్పుడు జనవరి చివరి దాకా ఆగడం మంచిది. ఈ రోడ్డు మీద బండిని బాగా పక్కకు తీసి ఆపాలి. షార్‌కు (శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి) వెళ్లే బస్సులు, లారీలు వేగంగా వస్తుంటాయి. పిల్లలను నీళ్ల వైపు దిగనివ్వవద్దు. పైకి గట్టిగా కనిపించే బురదలో మోకాలి దాకా కూరుకుపోతారు.

సూళ్లూరుపేటలో మామూలుగా జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతారు. స్టాళ్లు, ఆటలు, పాటలు, భీములవారిపాళెంలో పడవ షికారు ఉంటాయి. జాతర ఇష్టమైతే ఆ రోజుల్లో వెళ్లండి. పక్షులే కావాలంటే దానికి వారం అటో ఇటో వెళ్లండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ పిల్ల కొలతది ఉందా లేదా చూసుకోండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లకు తగిలిస్తే నీళ్లలో పైకి జారిపోతుంది. చిన్న కొలతది లేకపోతే పడవ మానేయండి, మొహమాటపడవద్దు.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా భోజనం, తరువాత వెనక్కి ప్రయాణం. దారిలో పిల్లలు నిద్రపోతారు. పోనివ్వండి.

రాకెట్ చూడాలనుకుంటే

ఇది తేదీ మన చేతిలో లేని పని. ప్రయోగం ప్రకటించాక ఇస్రో వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, డబ్బు కట్టనక్కర్లేదు. 2019 నుంచి శ్రీహరికోటలో జనం కూర్చుని చూసే గ్యాలరీ ఉంది, ఐదు వేల మంది పడతారు. నమోదు తెరిచిన కాసేపటికే నిండిపోతుంది కాబట్టి అందరి గుర్తింపు కార్డుల వివరాలు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వెళ్లేటప్పుడు ఆ కార్డు చేతిలో ఉండాలి. ప్రయోగం లేని రోజు గేటు దాకా వెళ్లి "పిల్లలకు ఒక్కసారి చూపిస్తాం సార్" అంటే లోపలికి పంపరు. ముందుగా అనుమతి ఉండాలి.

చోటు దొరకకపోయినా దిగులు లేదు. సూళ్లూరుపేట వైపు నుంచి కూడా రాకెట్ బాగా కనిపిస్తుంది. ఇక్కడ పిల్లలతో ఒక లెక్క చేయించండి. మంట కనిపించగానే ఒకటి, రెండు అని సెకన్లు లెక్కపెట్టమనండి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. యాభై దాకా లెక్కపెట్టాక శబ్దం వినిపిస్తే మీరు దాదాపు పదిహేడు కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. వెలుగు ముందొచ్చి మోత తరువాత రావడం పుస్తకంలో పదిసార్లు చదివినా అంత బాగా ఎక్కదు.

ఇక్కడే ఎందుకు కట్టారనీ అడుగుతారు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. రాకెట్‌ను తూర్పుకు వదిలితే ఆ వేగం కొంత ఉచితంగా కలిసొస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరైనకొద్దీ ఆ లాభం ఎక్కువ. పైగా తూర్పున సముద్రం, ఊడిపడే భాగాలు ఎవరి ఇంటి మీదా పడవు. 2023 జులై 14న చంద్రయాన్-3 లేచింది ఇక్కడి నుంచే. 2025 జనవరి 29న ఇక్కడి నుంచి వందో ప్రయోగం జరిగింది.

ప్రయోగం చివరి నిమిషంలో వాయిదా పడవచ్చు. పిల్లలకు "రాకెట్ చూడటానికి వెళ్తున్నాం" అని చెప్పకండి. "పక్షులు చూడటానికి వెళ్తున్నాం, అదృష్టం ఉంటే రాకెట్" అని చెప్పండి.

రెండో రోజు: మైపాడు

నెల్లూరు నుంచి మైపాడు సముద్రం సుమారు పాతిక కిలోమీటర్లు. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కాబట్టి ఇక్కడ సాయంత్రం కన్నా పొద్దున బాగుంటుంది. ఎండ తక్కువ, జనం తక్కువ, ఇసుక శుభ్రం. ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి, పిల్లలను వెతుక్కోవడమే సరిపోతుంది.

దారిలో రొయ్యల గుంటలు కనిపిస్తాయి. నీళ్ల మీద చక్రాలు గిర్రున తిరుగుతూ నురగ లేపుతుంటాయి. కారు ఒక నిమిషం ఆపి చూపించండి. అవి ఏరియేటర్లు. గుంటలో రొయ్యలకు గాలి చాలదు కాబట్టి నీళ్లను చిలికి ఆక్సిజన్ కలుపుతారు. ఇంట్లో చేపల తొట్టి ఉన్న పిల్లలు వెంటనే పట్టేస్తారు.

సముద్రం దగ్గర మా ఇంట్లో కట్టుబాటు: పిల్ల మోకాలు దాటి నీళ్లు ఉండకూడదు, ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద మనిషి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాలి కింది ఇసుకతో సహా లాగుతుంది. ఈత వచ్చిన పెద్దవాళ్లు కూడా ఇక్కడ కొట్టుకుపోయిన సంగతులు ఏటా వింటూనే ఉన్నాం. అలల పోటు ఎలా ఉందో ఒడ్డున ఉన్న మత్స్యకారులను అడగండి. "ఈ పొద్దు దిగబాకండి అబ్బయా" అన్నారంటే బట్టలు విప్పకుండా ఇసుకలోనే ఆడించండి.

ఆడటానికి ఇసుకే చాలు. తడి ఇసుకలో కన్నాలు చేసుకునే పీతలను తరమడం, గవ్వలు ఏరడం. అదృష్టం బాగుంటే అలివి వల లాగుతూ కనిపిస్తారు. రెండు బారుల్లో నిలబడి మోకు లాగుతుంటే పిల్లలు కూడా తోక పట్టుకుంటామంటారు. అడిగితే సాధారణంగా కాదనరు. వల ఒడ్డుకు వచ్చాక మీ పిల్లలకు అప్పటిదాకా పేరే తెలియని నాలుగు రకాల చేపలు కనిపిస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తాయి. చనిపోయిన తాబేలు ఒడ్డున పడి ఉంటే పిల్లలకు కళ్లు మూయకండి, అడిగినదానికి నిజం చెప్పండి.

తొమ్మిదిన్నరకు నీళ్లలోంచి బయటికి. మంచినీళ్లు ఒక క్యాన్‌లో కారులోనే తెచ్చుకుని ఒళ్లు కడిగేయండి. ఉప్పు, ఇసుక ఒంటి మీద ఉంటే దారంతా గోక్కుంటారు.

వెనక్కి వచ్చేటప్పుడు అదే ఇందుకూరుపేట మండలంలోని పల్లిపాడుకు మళ్లండి. పెన్నా ఒడ్డున ఉన్న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించారు. పెద్ద కట్టడాలేమీ లేవు, చెట్ల నీడ, నిశ్శబ్దం. సముద్రంలో అలిసిన పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? అరగంట కూర్చోబెట్టి నోటుపుస్తకంలో పీత బొమ్మ గీయించండి.

మూడో రోజు: పిల్లల వయసు చూసి

ఎనిమిదేళ్ల లోపు పిల్లలైతే దూరాలు వద్దు. పొద్దున పెన్నా ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడికి వెళ్లండి. తూర్పున గాలిగోపురం కింద నిలబడితే పేరుకు తగ్గట్టే ఎండాకాలంలోనూ గాలి కొడుతుంది. సాయంత్రం చెరువు కట్ట. దానికి స్వర్ణాల చెరువు అని పేరు. ఆ ఒడ్డునే బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం నెలలో ఇక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని వేరువేరుగా పేర్లు. హిందువులు, ముస్లిములు తేడా లేకుండా లక్షల్లో వస్తారు. ఆ రోజుల్లో చిన్న పిల్లలతో వస్తే మీ ఫోన్ నంబరు పిల్ల చేతి మీద పెన్నుతో రాయండి. మామూలు రోజుల్లో కట్ట మీద నడక, బఠాణీలు, గాలి.

పదేళ్లు దాటి కాళ్లల్లో బలం ఉన్న పిల్లలైతే ఉదయగిరి తీసుకెళ్లండి. నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది, తెల్లవారుజామునే బయలుదేరాలి. కొండ మీది ఈ కోటను పట్టుకోవడానికి కృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టింది. 1514లో గజపతుల చేతిలోంచి వశమయ్యాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. కొండ మొత్తం ఎక్కించాలనుకోవద్దు. కనిపించిన మొదటి గోడల దాకా ఎక్కి, "నువ్వు లోపల ఉంటే ఎలా కాపాడుకుంటావు, బయట ఉంటే ఎలా ఎక్కుతావు?" అని వదిలేయండి, గంట గడిచిపోతుంది. నీళ్లు మనిషికి రెండు లీటర్లు పైకి మోయాలి. దిగి వచ్చాక ఊళ్లో చెక్క స్పూన్లు, గరిటెలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. చెక్కముక్క చెంచా అవుతుంటే పిల్లలు కళ్లార్పరు. పిల్లకొక చెంచా కొనిపెట్టండి, ఇంటికి వెళ్లాక దాంతోనే పెరుగన్నం తింటానంటారు.

ఇంకో రోజు మిగిలితే ఉదయగిరి, సీతారాంపురం మీదుగా భైరవకోనకు వెళ్లవచ్చు. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. వానాకాలం వెళ్లిన వెంటనే నీళ్లు బాగుంటాయి. బండలు నాచుతో జారతాయి, చెప్పులు కాదు బూట్లు వేయండి. సోమశిల ఆనకట్ట కూడా ఈ వైపుదే, గేట్లు ఎత్తిన రోజు తప్ప పిల్లలకు పెద్దగా నచ్చదు, మా అనుభవం.

తిండి సంగతి

నెల్లూరు చేపల పులుసు తినకుండా వెళ్లవద్దని అందరూ అంటారు. నిజమే, కానీ పిల్లలకు రెండు చిక్కులు: కారం, ముళ్లు. కొరమీను అడిగితే ముళ్లు తక్కువ. ముక్కను పులుసులోంచి తీసి అన్నంలో పెరుగు కలిపి పెట్టండి. బొమ్మిడాయిల పులుసు పెద్దవాళ్లు తినండి. కారం దోశ వద్దని ముందే చెప్పాలి. "కారం లేకుండా" అంటే చాలదు, "కారం అసలు పూయకుండా, ఉత్త దోశ" అనాలి, లేకపోతే అలవాటు చొప్పున ఒక గరిటె పూసేస్తారు.

ప్రయాణం రోజుల్లో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం వేడి అన్నం, పెరుగు. రోడ్డు పక్కన కోసి పెట్టిన పండ్ల ముక్కలు వద్దు, అరటిపండ్లు, కమలాలు కొనండి. తిరుగు ప్రయాణం రోజు మలైకాజా అరకిలో కట్టించుకుని సంచి అడుగున దాచండి. రైలెక్కిన తరువాతే బయటికి తీయాలి, ముందే కనిపిస్తే స్టేషన్‌లోనే అయిపోతుంది.